గీత పైకే ఉందని రాయమన్నారు

జనవరి 12

వదినగారికి,

మీ మరదలు రాస్తున్నది. నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే నవ్వుకోండి, పైకి అనకండి.

నిజానికి ఇది మీ తమ్ముడి ఉత్తరం. ఆయన చెప్పింది నేను రాస్తున్నాను. ఫోన్లో మీరు ఏడుస్తున్నారట, ఏడుపు వింటే ఆయనకు లెక్క తప్పుతుందట. అందుకని రాసి పడెయ్యమన్నారు. ఆయన చెప్పినది ఇది: అన్నయ్యగారు పోయాక వాళ్ళ ఆఫీసు ఇచ్చిన డబ్బు మీ పేరు మీదే, విదేశాల్లోని చిన్న కంపెనీల షేర్లు కొనే ఫండ్‌లో భద్రంగా ఉంది. మొమెంటమ్ ఇండికేటర్ బాగుంది. అంటే దాని ఊపు బాగుంది. ఊపులో ఉన్నదాని మీద నుంచి దిగిపోవడం తెలివితక్కువ. కాబట్టి లాండ్రీ షాపు తీసుకోవడానికి మీరడిగిన డబ్బు ఇప్పుడు తీయడం కుదరదు. ఫండ్ ధర చూపించే గీత పైకే ఉందని పెద్దక్షరాలతో రాయమన్నారు. రాశాను.

ఇక్కడి నుంచి నా మాట. ఆయన టైల్స్ షోరూమ్ నుంచి వచ్చాక మేడమీది గదిలో నలుగురు మగవాళ్ళు చేరతారు. ఈయన కంప్యూటర్లో ఆ గీత చూపిస్తూ వాళ్ళకు పాఠం చెబుతారు. అందులో ఒకాయన ప్రతి మాటకీ నాలుకతో టక్కుటక్కుమంటాడు. మనసులో నేనాయనకు బల్లి అని పేరు పెట్టుకున్నాను. వాళ్ళు వెళ్ళాక కప్పులు తేవడానికి వెళితే, అడుగున నానిపోయిన బిస్కెట్టు, అందులో గుచ్చిన సిగరెట్టు ముక్క. ఊపిరి బిగబట్టి కడుగుతాను. ఇలాంటివి రాయకూడదేమో. కొట్టేస్తే కాగితం పాడవుతుంది, ఉండనివ్వండి.

మీ మరదలు

జనవరి 25

నోట్లో నాలుక లేని మరదలికి,

నోట్లో లేనిది వేళ్ళకు వచ్చినట్టుంది. దస్తూరీ కుదురుగా ఉంది. విషయమే మింగుడు పడలేదు.

మా తమ్ముడికి చేతులు పడిపోయాయా? నేను ఫోన్లో ఏడ్చింది ఒక్కసారి, అదీ స్టీమ్ ప్రెస్ మీద చెయ్యి కాలినప్పుడు. షాపు సంగతి అడిగినప్పుడు నేను ఏడవలేదు, అరిచాను. ఏడుపుకీ అరుపుకీ తేడా తెలియనివాడు గీతలేం చదువుతాడు?

విను. మా లాండ్రీ యజమాని మోకాళ్ళు అరిగిపోయి షాపు వదిలేస్తున్నాడు. ఏప్రిల్ నెలాఖరుదాకా నాకోసం ఆగుతానన్నాడు. మార్చి దాటకుండా కొంత అడ్వాన్స్ ఇవ్వమన్నాడు. ఇవ్వకపోతే పక్కనున్న చెప్పుల షాపతనికి రాసిచ్చేస్తాడు. అతను ప్రెస్సులను పాత ఇనుము కింద తూకానికి అమ్మి, అక్కడ చెప్పుల అరలు పెడతాడు. మీ అన్నయ్య పోయినప్పటి నుంచి నేను నిలబడ్డ చోటు అది. నిలబడటానికి నాకు ఇంకో చోటు లేదు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ ఉత్తరం వాడు చెప్పిందేనా, నువ్వు పక్కనుండి చెప్పించిందా? నా డబ్బు మీ చేతిలో ఉంటే మీ ఇంటికి బాగుంటుందని నీకనిపిస్తే నా ముఖాన చెప్పు, నేను తట్టుకుంటాను. ఇంతకీ ఆ చిన్న కంపెనీలు ఏం చేస్తాయి? నా డబ్బు ఎవరి షాపులో పడి ఉందో నేను తెలుసుకోకూడదా?

నీ వదిన

ఫిబ్రవరి 9

వదినగారికి,

మీ ఉత్తరం చదివాక ఆ పూట నాకు ముద్ద దిగలేదు. మీ డబ్బు మా ఇంట్లో లేదు. మా ఇంట్లో ఉన్నది దాని గీత ఒక్కటే. పడకగదిలో, నా తలవైపు గోడకు పెద్ద కాగితం అంటించారు. ఆయన కళ్ళు తెరవగానే మొదట చూసేది దాన్ని. రోజూ ఫండ్ ధర తెలుసుకుని ఒక చుక్క పెడతారు, చుక్కలు కలుపుతారు. దాని కింద ఇంకో గీత ఉంటుంది, సున్నా నుంచి వందదాకా. అది డెబ్బై దాటితే ఫండ్ వేడెక్కినట్టు, ముప్పైకి దిగితే చల్లారినట్టు.

మొన్న డెబ్బై దాటింది. వేడెక్కితే పొయ్యి మీద నుంచి దించాలి కదా, ఇక మీ డబ్బు తీస్తారనుకున్నాను. అడిగాను కూడా. ఆయనా బల్లీ ఒకేసారి నవ్వారు. బలమున్నది వేడిగానే ఉంటుందట, వేడి చూసి దించేవాడు పిరికివాడట.

మీరడిగిందీ అడిగాను. "ఏం చేస్తే నీకెందుకు? గీత చాలు," అన్నారు. ఆయనకు తెలియదు వదినగారూ. మీ పేరుకు ఫండ్ వాళ్ళు పంపిన పుస్తకం ఈ ఇంటికే వస్తుంది. మేడమీద అది పల్లీల పొట్టు పోసుకునే పళ్ళెం అయింది. దులిపి, తుడిచి, వేలు పెట్టి నెమ్మదిగా చదివాను. ఒక కంపెనీ ఆసుపత్రి మంచాలకు చక్రాలు చేస్తుంది. ఇంకొకటి చెవిటి మిషన్లలో పెట్టే బుల్లి బ్యాటరీలు చేస్తుంది. ఎక్కడో ఎవరో మీలాగే రోజంతా నిలబడి ఆ చక్రాలు బిగిస్తూ ఉంటారనుకుంటే, ఆ డబ్బు మీద నాకు కోపం రాలేదు. కోపమంతా ఈ గోడ మీదే.

నిన్న ఆయన ఆ గీత కింద కూర్చుని కాలిగోళ్ళు కత్తిరించుకున్నారు. సాయంత్రం తల దువ్వుకుంటే ఒక గోరు దువ్వెనలోకి వచ్చింది. ఎంతసేపు తల కడుక్కున్నానో చెప్పను.

నేను పక్కనుండి ఏదీ చెప్పించలేదు. నమ్మితే నమ్మండి.

మరదలు

ఫిబ్రవరి 28

మరదలా,

గోరు సంగతి చదివి షాపులో పదిమంది ముందు పగలబడి నవ్వాను, తర్వాత నాకే రోత పుట్టింది. వాడు చిన్నప్పుడూ అంతే. గోళ్ళు కొరికి నా దిండు కింద దాచేవాడు. అమ్మ నన్ను తిట్టేది.

నిన్నలా అని ఉండాల్సింది కాదు. అన్నాను, అయిపోయింది. నేను క్షమాపణలు బాగా చెప్పలేను, చొక్కాలు బాగా ఇస్త్రీ చేయగలను.

చక్రాల మాట మాత్రం నన్ను వదలడం లేదు. ఏ దేశంలోనో ముఖం తెలియనివాడి చిన్న షాపు మీద వాడికి నమ్మకముంది, సొంత అక్క చిన్న షాపు మీద లేదు. ఎందుకంటావ్? నా షాపుకి గోడ మీద గీత లేదనా?

మార్చి దాటితే నా చెయ్యి దాటినట్టే. ఫోన్ చేస్తే కస్టమర్లున్నారని పెట్టేస్తున్నాడు. నువ్వు ఒక్కసారి నోరు తెరిచి చెప్పు. ఇంతకంటే నిన్నేమీ అడగను.

వదిన

మార్చి 14

వదినగారికి,

నోరు తెరిచాను. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామని మూడు రోజులు చూశాను, పడకగదిలో కూడా ఫోన్లో వాళ్ళతోనే ఉంటారు. చివరికి టీ పట్టుకెళ్ళి అందరి ముందే చెప్పేశాను, నేల వైపు చూస్తూ. వదినగారికి మార్చిలోపు అడ్వాన్స్ కావాలట, షాపు పోతుందట అని.

ఆయన నన్ను కాదు, వాళ్ళను చూసి జవాబు చెప్పారు. గీత ముప్పైకి దిగిందట. చల్లారినదాన్ని అమ్మేవాడంత మూర్ఖుడు లేడట. త్వరలో లేస్తుందట. "వేడిగా ఉన్నప్పుడూ తీయలేదు కదండీ," అన్నాను. సగం మాటే బయటికి వచ్చింది, మిగతా సగం ట్రేతోపాటు కిందికి తెచ్చుకున్నాను.

ఆ సగం మీకు రాస్తాను. పైకి వెళితే వెళుతోందని తీయరు. కిందికి వస్తే వచ్చిందని తీయరు. కదలకుండా ఉంటే ఎటు కదులుతుందో చూద్దామంటారు. ఎటు చూసినా జవాబు ‘వద్దు’ అయినప్పుడు అంత పెద్ద కాగితం ఎందుకు? నోరు చాలు కదా.

నేను మెట్లు దిగుతుంటే వెనక ఆయన అనడం వినిపించింది. "మా అక్క షాపుందే, దానికి ఊపు లేదు. ఏళ్ళ తరబడి ఒకేచోట నిలబడ్డ షాపు." బల్లి టక్కుటక్కుమన్నాడు. అందరూ నవ్వారు. మీ డబ్బు మీదే కూర్చుని, మీ గురించి. సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

మరదలు

మార్చి 31

నా బంగారు మరదలా,

నీ నోట్లో ఇంత బలముందని తెలియక నాలుక లేదన్నాను. ఆ నాలుక ఎక్కడున్నా చల్లగా ఉండాలి. డబ్బు వచ్చింది. గురువారం బ్యాంకుకి వెళితే, ఫండ్ పేరు మీద నా ఖాతాలో పడి ఉంది. మొత్తం కాదు, కొంతే. కానీ అడ్వాన్స్‌కి సరిపోయింది. అటునుంచి అటే వెళ్ళి యజమాని చేతిలో పెట్టాను. చెప్పులాయన మా గుమ్మంలోనే నిలబడి కొలతలు తీసుకుంటున్నాడు. టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

వాడు పైకి అలా గంతులేస్తాడు గానీ లోపల మెత్తనివాడని నాకు తెలుసు. తిట్టినందుకు సిగ్గుగా ఉంది. మిగతాది ఏప్రిల్ నెలాఖరులోపు పంపమని చెప్పు. మొదటి నెల మీ ఇంటి దుప్పట్లన్నీ ఉచితంగా ఉతుకుతానని కూడా చెప్పు.

వదిన

ఏప్రిల్ 7

వదినగారికి,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఆయన మీకు ఏమీ పంపలేదు. మీ ఉత్తరం చదివి వినిపించాను. అసలు వినలేదు. అన్నయ్యగారి ఆఫీసు నుంచి పాత బకాయి ఏదో వచ్చి ఉంటుందిలే అన్నారు.

ఆయన వినే స్థితిలో లేరు. మీకు డబ్బు వచ్చిన ఆ వారమే ఇక్కడ గీత తెగింది. ఒక్కరోజులో ఇంత కిందికి పడింది. ఇల్లంతా చావు జరిగినట్టుంది. ఆయన గడ్డం గీసుకోవడం మానేశారు. బల్లి కూడా టక్కుమనడం లేదు. ఊపు చచ్చిపోయింది, అంతా అమ్మేసి వేరే ఫండ్‌కి మారిపోవాలంటున్నారు. మిగతా డబ్బు నమ్ముకుని ఇంకెవరికీ మాట ఇవ్వకండి. ఆ వేరే ఫండ్ ఎలాంటిదంటే

మెట్ల మీద చప్పుడు. ఇంతటితో ఆపుతాను.

ఏప్రిల్ 16

మరదలికి,

సగం రాసి ఆపేసిన ఉత్తరం అందింది. దాని వెనకే, బ్యాంకులో ఉన్న నా అడ్రసుకి ఫండ్ వాళ్ళ ఉత్తరం కూడా వచ్చింది. తప్పు నంబర్లు కొట్టినందుకు నా ఖాతా మూసేశారట. తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఓటీపీ నువ్వే చదివావట, మూడుసార్లూ తప్పు చదివావట. నా డబ్బుకి తాళం పడింది నీ వల్ల.

నెలాఖరు నెత్తిన కూర్చుంది. మిగతాది ఇవ్వకపోతే అడ్వాన్స్ కూడా తిరిగిరాదు. చెప్పులాయన మళ్ళీ మా గుమ్మంలో పచార్లు చేస్తున్నాడు. నీకు అంకెలు రాకపోతే రావని చెప్పాలి. మాట్లాడటానికి సిగ్గు, చదవలేనని చెప్పుకోవడానికీ సిగ్గేనా? నీ ఉత్తరాలు దాచుకున్నాను, ఎంత పిచ్చిదాన్ని. వాడు ఒక కాగితం పంపుతాడట, సంతకం పెట్టి పంపితే అన్నీ తనే సరిచేస్తాడట. పెడతాను. ఇంట్లో ఒకరైనా చదువుకున్నవాళ్ళున్నారు.

నాకిక రాయకు.

ఏప్రిల్ 20

వదినగారూ,

రాయవద్దన్నారు. ఇదొక్కటి చదవండి. సంతకం పెట్టకండి.

ఆ రోజు మెట్ల మీద చప్పుడుకి సగంలో ఆపినది ఇప్పుడు రాస్తున్నాను. ఆయన మీ డబ్బంతా మార్చబోయిన కొత్త ఫండ్‌లో గీత నిటారుగా ఉందట. దాంట్లో వేస్తే మూడేళ్ళదాకా ఎవరూ కదపడానికి వీల్లేదు. టీ ఇస్తున్నప్పుడు విన్నాను. "మూడేళ్ళదాకా అక్క గోల ఉండదు," అన్నారు. ఆ మాట అంటూ బిస్కెట్టు టీలో ముంచారు. ఆ చేతినీ ఆ బిస్కెట్టునీ చూస్తే నాకు ఒళ్ళంతా చీదర పుట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన, ఆ నలుగురూ మేడమీద కంప్యూటర్ ముందున్నారు. మీ ఖాతాకి ఇచ్చిన నంబరు ఆయనదే కదా, ఆ ఫోను కింద వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంది. "ఓటీపీ వచ్చింది, గట్టిగా చదువు," అని ఆయన కేకేశారు. మీకు నా సంగతి తెలుసు, మగవాళ్ళ ముందు నా గొంతు లేవదు. మెట్ల మధ్యకు వెళ్ళి గట్టిగా చదివాను. తొమ్మిది ఉన్నచోట ఆరు చదివాను. తప్పన్నారు. మళ్ళీ పంపించారు. ఈసారి చివరి రెండంకెలు తారుమారు చేసి చదివాను. మూడోసారి ఏం చదివానో నాకే గుర్తులేదు, ఉన్నది మాత్రం చదవలేదు.

"ఐదో తరగతి మొద్దు. అంకెలు కూడా రావు," అన్నారు. అందరూ నవ్వారు. నేను మెట్ల మీదే నిలబడి ఆ నవ్వు వింటున్నాను. ఎన్నోసార్లు నన్నా మాట అన్నారు వదినగారూ, అది నాకు పనికొచ్చింది ఆ రోజే. ఖాతా మూసుకుపోయింది, అసలు మనిషి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి అని తెర మీద పడిందట.

ప్రతి అంకె నాకు స్పష్టంగా కనిపించింది.

అసలు మనిషి మీరు. ఈ ఉత్తరం అందగానే చేతిలో ఇస్త్రీ ఉన్నా పక్కన పెట్టి వెళ్ళండి. మీకు నా మీద కోపముంటే తర్వాత తీరిగ్గా పడండి.

మరదలు

మే 4

మరదలా,

ఇస్త్రీ చేస్తున్న చొక్కా మా షాపు యజమానికి అప్పగించి వెళ్ళాను. ఫండ్ ఆఫీసు బస్టాండు వెనక మూడో అంతస్తులో ఉంది. కౌంటర్‌లో నీ వయసు పిల్ల. నేను ఫలానా అని చెప్పి, గుర్తింపు కార్డు చూపించి, సంతకం పెట్టాను. "మీ డబ్బేనండీ, ఎప్పుడైనా తీసుకోవచ్చు," అంది. ఎప్పుడైనా. నేను అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను. ఆ పిల్ల భయపడి మంచినీళ్ళిచ్చింది.

మార్చిలో పడిన డబ్బు గురించి అడిగాను. ఫండ్‌కి వచ్చిన లాభంలో కొంత అందరికీ పంచారట. పంచిన రోజున ధర ఆ మేరకు తగ్గుతుందట, ఎప్పుడూ అంతేనట. కుండలోంచి గ్లాసుడు నీళ్ళు నాకిచ్చారు, కుండలో గ్లాసుడు తగ్గాయి. అది చూసి మీ ఆయన కుండ పగిలిందని గడ్డం పెంచాడు. ఆ గ్లాసు నేను అప్పటికే అడ్వాన్స్ కింద ఇచ్చేశాను. వాడి గీత తెగిన చోటే నా షాపు నిలబడింది.

మిగతా డబ్బు చివరి రోజున చేతికొచ్చింది. తాళాలు నా కొంగున ఉన్నాయి. చెప్పులాయన వచ్చి తన కోటు ఉతకమని ఇచ్చి వెళ్ళాడు.

తమ్ముడికి ఫోన్ చేశాను. డబ్బు తీశానని చెప్పాను. "చూశావా అక్కా, గీత తెగగానే అమ్మేయమన్నది నేనేగా," అన్నాడు. నేను తిట్టలేదు. ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కున్నాను, సబ్బుతో.

నిన్ను అన్న మాటలకు ఏం చెప్పాలో తెలియక పని చెబుతున్నాను. ఇక్కడ ప్రతి చొక్కా కాలరుకీ, ప్రతి ప్యాంటు నడుముకీ ఒక నంబరు గుడ్డ కుడతాం. ఒక్క అంకె తప్పితే ఒకరి ప్యాంటు ఇంకొకరి కాళ్ళకి పోతుంది. నాకు నంబర్లు రాసే మనిషి కావాలి. కావాలని తప్పు చదవగలిగినదానికి సరిగ్గా చదవడం ఎంత వచ్చో నాకు తెలుసు. వాడిని వదిలేసి రమ్మనను. అది నీ ఇష్టం. ఒక నెల వచ్చి చూడు. షాపు వెనక గదికి కిటికీ ఉంది, గోడలకు సున్నం వేయించాను. దేనికీ కాగితం అంటించలేదు.

వదిన

మే 12

వదినగారికి,

వస్తున్నాను.

ఆయన గోడ మీది కాగితంలో గీత తెగిన చోట ఎర్ర బాణం గుర్తు వేసి, ‘అక్కను ఇక్కడ దించాను’ అని రాసుకున్నారు. వచ్చినవాళ్ళందరినీ పడకగదిలోకి తీసుకొచ్చి చూపిస్తున్నారు. చెప్పులతోనే వస్తారు. నా దిండు మీద చెయ్యి ఆనించి మరీ చూస్తారు. దిండు గలీబు తీసి బయట పడేశాను. ఉతికినా నాకు పనికిరాదు.

మీ దగ్గరికి వెళతానని నిన్న టీ ఇస్తూ చెప్పాను. ఈసారి నేల వైపు చూడలేదు. ఆయన నవ్వుతూ వాళ్ళ వైపు తిరిగి, "ఊపు లేని షాపులో నువ్వేం చేస్తావ్?" అన్నారు.

"నంబర్లు చదువుతానండి," అన్నాను. "తొమ్మిదిని తొమ్మిదనే చదువుతాను."

బల్లి టక్కు సగంలో ఆగిపోయింది. ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కళ్ళు మాత్రం నా వైపు తిరిగాయి. చాలాసేపు చూశారు. ఇన్నాళ్ళలో ఆ గోడను చూసినంతసేపు నన్ను చూడటం అదే మొదలు. అర్థమైందో లేదో నేను అడగలేదు. కిందికి వచ్చి సంచి సర్దుకున్నాను.

బస్సు రేపు ఉదయం. మేడమీద కప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. నానిన బిస్కెట్టు మీద సిగరెట్టు ముక్కలు ఉబ్బి తేలుతున్నాయి. నేను తీయలేదు. పైకి తేలాయని తీయాలో, అడుగుకి దిగాక తీయాలో, ఆయన చూసుకుంటారు.

మరదలు